దమ్ము చేసిన లాను

ఎచ్చెర్ల,
జూన్ 22, 2025.

ఒరే ఎల్లాజీ,

ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేదెవరు, వీడికేమైనా పిచ్చి పట్టిందా అనుకుంటావు. పోయిన ఆదివారం నీకు ఫోను చేశాను. యమున ఎత్తింది. "మా నాన్న ఇంట్లో లేడండి" అంది. వెనకాల నువ్వు దగ్గడం వినిపించింది. హాస్టల్లో అయిదేళ్ళు పక్క చాప మీద పడుకుని విన్న దగ్గు అది, మరచిపోతానా? లేడన్న మనిషి దగ్గుతూ ఉంటే నేను మాత్రం ఏం మాట్లాడను, ఫోను పెట్టేశాను. అందుకే ఇలా రాస్తున్నాను. ఉత్తరాన్నయితే పోస్టుమాన్ గుమ్మంలో పడేసి పోతాడు, మీరు ఉన్నా లేకపోయినా.

సంగతి మన కాలేజీ లాను. పన్నెండేళ్ళు నువ్వు పెంచిన లానును ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేవు. వాన పడితే మడమ లోతు నీళ్ళు, నాలుగు రోజులైనా ఇంకవు. తుంగ, ఊద, గుంటగలగర మోకాలి దాకా లేచాయి. నువ్వు వెళ్ళాక ముగ్గురు మాలీలు మారారు. ఒకడు మందు కొట్టాడు. ఒకడు కొత్త గడ్డి తెచ్చి పరిచాడు, అది నెల తిరక్కుండా కుళ్ళిపోయింది. మూడోవాడు వారం రోజులు చూసి చెప్పకుండా వెళ్ళిపోయాడు. అందరిలోకీ తెలివైనవాడు వాడే అనిపిస్తుంది.

కొత్త ప్రిన్సిపాల్ రాజకుమారి గారు నన్ను పిలిచి, "సూపరింటెండెంట్ గారూ, డిసెంబరులోగా ఇది బాగుపడకపోతే సిమెంటు పలకలు పరిపించేస్తాను" అన్నారు. జనవరిలో నా రిటైర్మెంటు. ఆ గడ్డిని పలకల కింద పాతేసి ఇంటికి వెళ్ళాలంటే మనసొప్పడం లేదు. నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో ఎవరికీ అంతుపట్టడం లేదు. నీకు తెలియనిది కాదు కాబట్టి కాస్త దారి చెప్పు.

జరిగిందేదో జరిగింది.

నీ
ఉమాశంకర్


శ్రీకూర్మం,
జూలై 3.

సూపరింటెండెంట్ ఉమాశంకర్ గారికి,

ఎల్లాజీ రాయునది. మీ ఉత్తరం అందింది.

లానులో మూడు చోట్ల, అంటే గేటు పక్కన, జెండా దిమ్మ దగ్గర, నడిమధ్యన, మూరెడు లోతు గొయ్యి తవ్వండి. తవ్వించడం కాదు, మీరే తవ్వండి. మనిషిని పెడితే వాడికి కూలి గుర్తుంటుంది గానీ మట్టి గుర్తుండదు. గోతుల్లో బిందెడేసి నీళ్ళు పోసి ఎంతసేపటికి ఇంకాయో చూడండి. గోతి గోడ పైనుంచి కిందిదాకా చేత్తో తడిమి, ఎక్కడ ఎలా ఉందో రాయండి.

ఊద ఉందని రాశారు. తుంగ ఎక్కడైనా వస్తుంది. ఊద వరి మడిలో పెరిగే కలుపు. కాలేజీ లానులోకి అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాయండి.

జరిగిందేదో జరిగింది అన్నారు. ఎవరికి జరిగిందో రాయలేదు.

ఎల్లాజీ


ఎచ్చెర్ల,
జూలై 14.

ఒరే ఎల్లాజీ,

నన్ను గారూ అన్నావు. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

చెప్పినట్టే నిన్న ఆదివారం తవ్వాను. కొత్తగా చేరిన వాచ్‌మన్ దేవేంద్ర నా చుట్టూ తిరుగుతూ, "మీకెందుకు సార్ ఈ కరమ, ఆ గునపం ఇటియ్యండి, నానున్నాను గదా" అంటూనే ఉన్నాడు. ఇవ్వలేదు. రెండో గోతికే అరచేతులు బొబ్బలెక్కాయి. కాగితాల మీద సంతకాలు పెట్టే చేతులు కదా, వాటికి గునపం ఎక్కడ అలవాటు.

పైన నాలుగు వేళ్ళ మందాన నల్లటి బురద, కుళ్ళిన వేళ్ళు. దాని కింద జానెడు మందాన గట్టి పొర. గునపం దిగలేదు, పొడిస్తే పెంకులా విరిగింది. చేత్తో రాస్తే నున్నగా ఉంది. దాని కింద మాత్రం నువ్వు ఇసక కలిపి వేసిన పాత మట్టి అలాగే, పొడిపొడిగా ఉంది. పొర దాకా తవ్విన గోతిలో నీళ్ళు ఉదయం పోస్తే సాయంత్రం దాకా కదలలేదు. పొర పగలగొట్టిన గోతిలో పోస్తే చూస్తూండగానే లోపలికి పోయాయి. "పైన సెరువు, కింద ఎడారి, ఇదేటి సార్ ఇసిత్రం" అని దేవేంద్ర ముక్కున వేలేసుకున్నాడు.

ఊద సంగతి తెలియదు. గాలికి వచ్చి ఉంటుంది.

ఈ పొరకు విరుగుడు ఏమిటో రాయి.

నీ
ఉమాశంకర్


శ్రీకూర్మం,
జూలై 24.

ఉమాశంకర్ గారికి,

ఊద గాలికి రాదు.

ఆ పొర కూడా దానంతట అది పుట్టదు, ఎవరైనా చేస్తేనే అవుతుంది. మీరు వరి పండించే ఇంట్లో పుట్టారు. తడమగానే మీ అరచేయి దాన్ని గుర్తుపట్టే ఉంటుంది. ఏం తిన్నావని డాక్టరు అడిగితే చెప్పనివాడికి మందు ఎవరిస్తారు?

ఎలా వచ్చిందో మీ చేత్తో రాసి పంపండి. విరుగుడు చెప్తాను. రాయలేకపోతే పలకలు పరిపించుకోండి. పలకల మీద ఊద మొలవదు.

ఎల్లాజీ


ఎచ్చెర్ల,
ఆగస్టు 15.

ఒరే ఎల్లాజీ,

మూడు వారాలుగా ఈ ఉత్తరం రాస్తూ చింపుతున్నాను. ఈ రోజు జెండా వందనానికి, మూడేళ్ళ కిందట నిలబడ్డ చోటే నిలబడ్డాను. ఇంటికి రాగానే కూర్చుని రాస్తున్నాను.

పొర చేసింది నేనే.

2022 జూన్‌లో, కాలేజీ రజతోత్సవానికి లాను చదును చేయించమన్నారు. నువ్వు సెలవులో ఉన్నావు. నీకోసం ఆగవచ్చు. నాకే అన్నీ తెలుసనుకున్నాను. చీపురుపల్లి పక్కన మా ఊరినుంచి మా తమ్ముడి ట్రాక్టరును దమ్ము చక్రాలతో సహా తెప్పించాను. నీళ్ళు కట్టి, వరి మడికి చేసినట్టే నాలుగుసార్లు బురదగా తొక్కించి దమ్ము చేయించి, చదును కోసం పైన చెక్క లాగించాను. అద్దంలా వచ్చింది. "మడి అంటే ఇలా ఉండాలి, మా వైపు ఉబాలకు, అదే వరి నాట్లకు, ముందు ఇలాగే చేస్తాం" అని లెక్చరర్ల ముందు గొప్పలు పోయాను. దమ్ము చేసేదే కింద నీళ్ళు దిగకుండా ఉండడానికి. వరికి నీళ్ళు నిలవాలి, గడ్డికి నీళ్ళు పోవాలి. ఇంత చిన్న ముక్క నా బుర్రకు తట్టలేదు. ఊద కూడా ఆ చక్రాలకు అంటుకుని మా మడిలోంచే వచ్చింది.

తర్వాత జరిగింది నీకు తెలుసు. అయినా నా చేత్తో రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. పంద్రాగస్టు రోజున ఉత్సవం. ముందురోజు పెద్ద వాన. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దావిడ కుర్చీ కాళ్ళు బురదలో దిగబడి ఆవిడ వెల్లకిలా పడిపోయింది. పట్టుచీర నిండా బురద. అప్పటి ప్రిన్సిపాల్ "ఏమిటీ బురద? ఎవరిదీ పని?" అని మైకు దగ్గరే అరిచాడు. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చేసింది. "మాలీ నిన్న మోటారు కట్టేయకుండా ఇంటికి పోయాడండి" అన్నాను. ముందురోజు వాన అందరూ చూశారు. అయినా ఒక్కరూ అదేమిటని అడగలేదు. సూపరింటెండెంట్ చెప్పాడు, అయిపోయింది. మూడు వందల మంది నీ వైపు తిరిగారు. నువ్వు చేతులు కట్టుకుని నిలబడ్డావు, నోరు విప్పలేదు. ఆ సాయంత్రమే నిన్ను తీసేశారు. నిన్ను చేర్పించిందీ నేనే, తీయించిందీ నేనే.

సిగ్గుగా ఉందిరా. ఇంకో మాట దొరకడం లేదు. నువ్వు మాట్లాడలేదు కాబట్టి నేను బతికిపోయాను అనుకున్నాను ఆ రోజు. ఇంటికెళ్ళి కడుపు నిండా అన్నం కూడా తిన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

ఏం చేయమంటే అది చేస్తాను.

ఉమా


శ్రీకూర్మం,
ఆగస్టు 27.

ఒరే ఉమా,

ఇప్పుడు రాశావు ఉత్తరం. ఇంతవరకు వచ్చినవి దరఖాస్తులు.

ముందు విరుగుడు. వానలు తెరిపి ఇచ్చాక తూర్పు పల్లానికి కాలవ తీసి నిలవ నీళ్ళు దించు. కలుపు కోయించకు, గడ్డతో సహా పీకించు. తుంగను కోస్తే ఒకటి పది అవుతుంది. తర్వాత లాను మొత్తం జానెడుకొక బెజ్జం, గునపం పొర దాటి దిగేదాకా పొడిపించు. బెజ్జాల్లో ఏటి ఇసక, మాగిన పశువుల గెత్తం కలిపి నింపు. సముద్రం దగ్గరే కదా అని ఆ ఇసక తేకు, ఉప్పుకు గడ్డి మాడిపోతుంది. కొత్త గడ్డి నాటాక నెల రోజులు ఎవరినీ తొక్కనివ్వకు, ప్రిన్సిపాలయినా సరే.

ఇక నా సంగతి. నువ్వు రాయనిది ఒకటి ఉంది. దమ్ము రెండోరోజున నేను సెలవు అయిపోయి వచ్చాను. ట్రాక్టరు తిరుగుతోంది. నువ్వు ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని గట్టు మీద నిలబడి, "ఏటిరా ఎల్లాజీ, ఎలాగుంది మా మడి?" అని అరిచావు. "బాగుందిరా" అన్నాను. లాను చచ్చిందని ఆ క్షణమే తెలుసు. నలుగురి ముందు కాదంటే నీ పరువు పోతుందనుకున్నాను. మాలీగాడికేం తెలుసని నువ్వే అంటావేమోనన్న భయం కూడా ఉంది. పన్నెండేళ్ళ గడ్డిని కళ్ళ ముందు తొక్కేస్తుంటే బాగుందన్నాను. నీ సిగ్గులో ఒక పాలు నాది కూడా.

ప్రిన్సిపాల్‌కి చెప్తావో మానేస్తావో నీ ఇష్టం. ఆ పని నాకిప్పుడు అక్కర్లేదు, వలలు అల్లుకుని బతుకుతున్నాను. నాకు కావలసింది ఒక్కటే. యమునకు చెప్పు.

ఆ రోజు అది ఎన్.ఎస్.ఎస్. పిల్లల వరసలో నిలబడి ఉంది. నాన్న పని ఎగ్గొట్టి పోయాడనే ఇప్పటికీ నమ్ముతోంది. రెండో ఏడాదితో చదువు మానేసింది, మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. వాళ్ళమ్మ పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరం. అన్నం పెడుతుంది, దగ్గు మందు తెస్తుంది, నా మొహం చూసి మాత్రం మాట్లాడదు. నేను చెప్తే తప్పించుకోవడానికి చెప్తున్నానంటుంది. తప్పు చేసినవాడు చెప్తే నమ్ముతుంది. శ్రీకాకుళంలో కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తోంది, పెద్ద బస్టాండు ఎదురుగా. ఉత్తరం రాయకు. ఎదురుగా నిలబడి చెప్పు.

ఎల్లాజీ


ఎచ్చెర్ల,
అక్టోబరు 19.

ఒరే ఎల్లాజీ,

కాలవ తీశాం. నీళ్ళు దిగాయి. కలుపు పీకడానికి పదహారు రోజులు పట్టింది. ఊద వేళ్ళు చేత్తో లాగుతుంటే మా మడిలో మా నాన్నతో కలుపు తీసిన రోజులు గుర్తొచ్చాయి, ఆయన ఉంటే నా వీపు మీద రెండు వేసేవాడు. బెజ్జాలు జానెడుకొకటి చొప్పున సగం లానుకు అయ్యాయి. మొన్న జడివాన కురిసింది. బెజ్జాలు పడిన సగంలో గంటకల్లా నీళ్ళు లేవు. నేను, దేవేంద్ర గొడుగు కింద నిలబడి చూస్తూ ఉండిపోయాం.

స్టాఫ్ మీటింగులో లేచి నిలబడి చెప్పాను. లానును పాడు చేసింది నేను, అబద్ధం చెప్పి ఎల్లాజీ పని తీయించింది నేను అని. ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. రాజకుమారి గారు నన్ను చూసి, "మూడేళ్ళు పట్టిందా సార్?" అన్నారు. అంతే. తర్వాత పరీక్షల టైమ్‌టేబుల్ గురించి మాట్లాడారు. నేను పెద్ద కొండ మోశాననుకున్నాను, వాళ్ళకది పది నిమిషాల సంగతి.

ఇక అసలు సంగతి. శ్రీకాకుళం వెళ్ళాను. దుకాణంలోకి అడుగు పెట్టగానే యమున లేచి నిలబడింది. చిన్నప్పుడు మావయ్యా అని మెడకు చుట్టుకునే పిల్ల, "రండి సార్, పరీక్ష చేయించుకుంటారా?" అంది. అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు. స్టూలు మీద కూర్చోబెట్టి, ముక్కు మీద ఆ ఇనప చట్రం పెట్టి, అద్దాలు మారుస్తూ, "ఇప్పుడు బాగుందా సార్? ఇలాగ బాగుందా?" అని అడుగుతోంది. దాని మొహం జానెడు దూరంలో ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. "రెండోదే బాగుందమ్మా" అన్నాను. ఫ్రేము కూడా ఎంచుకుని వచ్చాను. బస్సులో కూర్చున్నాక నామీద నాకే అసహ్యం వేసింది.

తిట్టు. తిట్టించుకోవడానికే రాస్తున్నాను.

ఉమా


శ్రీకూర్మం,
అక్టోబరు 28.

ఒరే ఉమా,

తిట్టడానికి నాకు తీరిక లేదు.

యమున చెప్పింది. "మీ సూపరింటెండెంటు వచ్చి కళ్ళజోడు చేయించుకున్నాడు నాన్నా, ఆయన సూపు శుభ్రంగా ఉంది, అద్దాలెందుకో నాకు తెలీలేదు" అంది. మూడేళ్ళలో అది నాతో ఇన్ని మాటలు ఆడడం అదే మొదలు. ఆ మేరకు మంచి చేశావు.

అద్దాలు తెచ్చుకోవడానికి ఎలాగూ వెళ్ళాలి కదా. ఈసారి స్టూలు మీద కూర్చోకు.

ఎల్లాజీ


ఎచ్చెర్ల,
నవంబరు 12.

ఒరే ఎల్లాజీ,

చెప్పాను.

దుకాణంలో ఇంకెవరూ లేరు. కళ్ళజోడు గుడ్డతో తుడుస్తోంది. నిలబడే చెప్పాను. "యమునా, ఆ రోజు మీ నాన్న మోటారు కట్టేసే ఇంటికెళ్ళాడు. లానును దమ్ము చేయించి చెడగొట్టింది నేను. అందరిలో అబద్ధం చెప్పింది నేను. మీ నాన్నకి అన్నీ తెలిసినా నన్ను ఒక్క మాట అనలేదు" అన్నాను.

"మరిన్నాళ్ళూ సెప్పలేదేటి?" అంది.

"సిగ్గేసిందమ్మా."

"ఇప్పుడెయ్యలేదా?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువ వేస్తోంది" అన్నాను.

తిడుతుందని గుండె రాయి చేసుకుని వెళ్ళాను. తిట్టలేదు. దాని మొహం పాలిపోయింది. కళ్ళజోడు పెట్టె నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా తెర వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపు నిలబడ్డాను, మళ్ళీ బయటికి రాలేదు. చెప్తే నా గుండె తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. అది ఎందుకలా అయిపోయిందో నాకు అర్థం కాలేదు. నీతో ఏమైనా అందా?

గడ్డి నాటడం ఈ వారం పూర్తవుతుంది.

ఉమా


శ్రీకూర్మం,
నవంబరు 28.

ఒరే ఉమా,

నువ్వు చెప్పి వెళ్ళాక నాలుగు రోజులు యమున నాతో ఒక్క మాట ఆడలేదు. ఇదివరకు నా మొహం చూసేది కాదు, ఇప్పుడు నేనున్న గదిలోకే రావడం మానేసింది. అన్నం పళ్ళెం గడప దగ్గర పెట్టి పోయేది. నీచేత చెప్పించి తప్పు చేశానని నన్ను నేనే తిట్టుకున్నాను.

అయిదోరోజు నేను అరుగు మీద వల అల్లుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు దారం ఉండ చేతిలో పెట్టుకుని తిప్పింది.

"నాన్నా, ఆ రోజు మా మేడమ్ నన్నడిగింది. ఆ మాలీ మీ ఊరివాడేనట కదా, నీకు తెలుసా అనడిగింది. నాను ఎరగనన్నాను" అంది.

"ఇన్నానే" అన్నాను.

ఇది నీకు రాయలేదు. రాయకూడదనే రాయలేదు. నీ అబద్ధం మూడు వందల మంది విన్నారు. అది నాకంత తగల్లేదురా, నువ్వు చిన్నప్పటినుంచీ దొరికిపోతే పక్కవాణ్ణి చూపించే రకమే. వార్డెను దగ్గర నీకోసం ఎన్ని దెబ్బలు తిన్నానో లెక్కలేదు. నీ మాటకు అక్కడికక్కడే బదులు చెబుదామని ఒక అడుగు ముందుకు వేశాను కూడా. అప్పుడే పక్క వరసలోంచి దాని మాట వినిపించింది. నేను నోరు విప్పితే గొడవవుతుంది. గొడవైతే నేను ఎవరినో, అది ఎవరి కూతురో బయటపడుతుంది. అంతమంది పిల్లల్లో అది అబద్ధాలకోరు అయిపోతుంది. అందుకే చేతులు కట్టుకుని నిలబడిపోయాను. నీ పరువు కోసం ఊరుకున్నానని నువ్వనుకుని ఉంటావు, దమ్ము రోజున ఊరుకున్నది నీకోసమే. పంద్రాగస్టు రోజున మాత్రం కాదు.

"ఇన్నావా? ఇని మూడేళ్ళు ఒక్క మాట అడగలేదేటి నాన్నా?" అంది.

"అడిగితే అనలేదంటావేమోనని బయమేసింది. అప్పుడు రెండు అబద్దాలు అయిపోతాయి గదే" అన్నాను.

వల మీద తల పెట్టి ఏడ్చింది. నాకు ఓదార్చడం చేతకాలేదు, నేనూ ఏడ్చాను. నాన్న పని ఎగ్గొట్టాడని అది నా మొహం చూడడం లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎరగనన్న మాట గొంతులో అడ్డం పడి చూడలేకపోయిందట. నేను తప్పు చేశాననుకున్నంత కాలం ఆ మాటను ఎలాగో మోసుకుందట. నువ్వు వచ్చి నాన్న తప్పు లేదని చెప్పేసరికి మోయలేకపోయిందట. నీకు మూడేళ్ళు పట్టిందిగా, దానికి నాలుగు రోజులు పట్టింది.

మావయ్యను క్షమించెయ్ నాన్నా అంటోంది. నేనింకా ఆలోచించుకోవాలి, నీకు అబద్ధమెందుకు రాయాలి. గడ్డిని చూడాలని మాత్రం ఉంది. బెజ్జాలు జానెడుకే వేశావో, రెండు జానలకు వేసి జానెడని రాశావో చూస్తే తెలిసిపోతుంది.

వచ్చే సోమవారం ఇద్దరం వస్తున్నాం. మానేసిన చదువు మళ్ళీ కట్టడానికి ఏం చేయాలో తనే ప్రిన్సిపాల్‌ని అడుగుతుందట. నీ కొత్త వాచ్‌మన్ నన్ను ఎరగడు. గేటు దగ్గర ఈయనెవరని అడిగితే నువ్వు మాట్లాడకు నాన్నా, నానే సెప్తాను అంది.

ఎల్లాజీ